అర్థం చెప్పినవాడు

7 మార్చి 1983, సోమవారం

ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చిన పోయినేటి డైరీ ఇది. తేదీలకూ వారాలకూ కుదరదు. కొట్టేసి రాసుకుంటున్నాను. ఎవరు చూడొచ్చారు.

పొద్దున అబ్దుల్ గఫార్ వచ్చాడు. సౌదీకి మనుషులను పంపించే ఏజెంటు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఊరికే బస్సెక్కి రాడు. నన్ను పంపించిందీ అతనే.

"జుబేల్‌కు పద్నాలుగు మందిని పంపిస్తాండా కృపావరం. నువ్వు చేసిన కొరియా కంపెనీకే. వాళ్లకు నెల దినాలు భాష నేర్పియ్యల్ల."

"నాకు ఆ భాష యాడొస్తాది గఫారన్నా."

"మూడేండ్లు చేస్తివి గదప్పా."

"తిట్లు తప్ప ఏమీ రావు. వాళ్లు మాతో మాట్లాడింది అవే."

"అవే కావల్ల," అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. లేదు. పోయినేడు మా ఊరి బాలయ్య ఫోర్‌మన్‌ను కొట్టినప్పటి నుంచి కంపెనీవాళ్ళు మన తావు మనుషులంటే వెనకాడుతున్నారట. రాయలసీమవాళ్ళు మాట పడరు, చెయ్యెత్తుతారు అని బొంబాయి ఆఫీసులో అనుకుంటున్నారట. ఇంకొక్కడు చెయ్యెత్తాడంటే ఈ పక్క నుంచి ఎవరినీ తీసుకోరు. అందుకని ఇక్కడే ఆ తిట్లన్నీ వినిపించి, పడడం అలవాటు చేసి పంపించాలట. తిట్టడానికి ఒక మాస్టరు కావాలి. అది నేను.

మా ఆవిడ రూతు వెళ్ళమంది. "ఇంట్లో కూసోని గోడలతో మాట్లాడే బదులు వాళ్లతో మాట్లాడు," అంది. నేను గోడలతో మాట్లాడుతున్నానని నాకు తెలియదు.

బాలయ్య సంగతి నాకెందుకు. నేను కాంట్రాక్టు అయిపోయి వచ్చాను.

9 మార్చి, బుధవారం

క్లాసు ఆళ్లగడ్డలో, మూతపడిన నూనె గానుగ షెడ్డులో. నేల ఇంకా జిడ్డుగానే ఉంది. నడిస్తే చెప్పులు అతుక్కుంటాయి.

పద్నాలుగు మంది. శిరివెళ్ల సైదులు ఒకడు, లారీ మీద చేసినవాడు, నోరు మూతపడదు. మిగతావాళ్ళ పేర్లు ఇంకా పట్టుబడలేదు. చివరి వరుసలో ఒకడు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఎక్కడో చూసిన నుదురు అనుకుంటుండగానే వాడే మాట్లాడాడు.

"ఏమి కృపావరం, బాగుండావా."

బాలయ్య తమ్ముడు రాముడు. నేను ఊరు విడిచినప్పుడు చిన్నవాడు. ఇప్పుడు ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. వాళ్ళది ఊళ్ళో ఇల్లు, మాది మాలగేరి. మా నాయన వాళ్ళింట్లో ఇరవై రెండేళ్ళు జీతానికి ఉన్నాడు. వాడికంటే నేను పదిహేనేళ్ళు పెద్దవాడిని. పేరు పెట్టి పిలవడం వాడికి అలవాటు, పిలిపించుకోవడం నాకు అలవాటు.

సైదులు వెనక్కి తిరిగి, "సార్ అనప్పా, మాస్టరుకు పేరు పెడతాండావేంది," అన్నాడు. రాముడు సార్ అనలేదు. ఆ తర్వాత పేరు పెట్టీ పిలవలేదు. ఇంక రోజంతా నన్ను ఏమీ అనకుండానే గడిపాడు.

10 మార్చి

బస్సులో పోనూ రానూ మూడు గంటలు నిలబడే. నడుము పడిపోయింది.

12 మార్చి, శనివారం

పద్ధతి ఒకటి కుదిరింది. నేను ఖాళీ నూనె డ్రమ్ము మీద నిలబడతాను. వాళ్ళు షెడ్డు ఈ కొన నుంచి ఆ కొనకు ఇటుకలు మోస్తారు. నేను అరుస్తాను. ఏ మాట వినపడ్డా తల కొంచెం వంచి "నే, బాన్జాంగ్" అనాలి. నే అంటే అవును. బాన్జాంగ్ అంటే మేస్త్రీ. అంతే. చూపు కలపకూడదు, ఇటుక దించకూడదు, పిడికిలి బిగించకూడదు.

పల్లి పల్లి అంటే తొందరగా. ఇది తిట్టు కాదు కానీ తిట్టుకన్నా ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది. పాబో అంటే తెలివిలేనివాడు. చుగుల్లే అంటే చస్తావా అని. కెసెక్కి.

అర్థాలు చెప్పలేదు. పాబో అంటే జాగ్రత్త అని చెప్పాను. చుగుల్లే అంటే పక్కకు జరుగు అని చెప్పాను. కెసెక్కి అంటే ఒరే అబ్బాయ్ అన్నట్టు అని చెప్పాను. అర్థం తెలియనివాడికి తిట్టు తగలదు. వాన చప్పుడు లాంటిదే. నాలుగు రోజులకే పదముగ్గురు నవ్వుకుంటూ నే, నే అంటున్నారు. గఫార్ వచ్చి చూసి సంతోషపడిపోయాడు.

రాముడు నవ్వడు. నే అంటాడు, తల వంచుతాడు, కానీ వేళ్ళు ఇటుక మీద తెల్లబడతాయి. అర్థం తెలియకపోయినా గొంతు తెలుస్తుంది కదా. వాళ్ళ నాయన గొంతు అది. వాళ్ళ నాయన అరిచినట్టే నేను అరుస్తున్నానని నాకు ఇవాళే తెలిసింది. చిన్నప్పుడు మా నాయన వెనక నిలబడి విన్న గొంతు.

అది బాగుంది. అబద్ధమెందుకు, డ్రమ్ము మీద నిలబడి వాడిని కెసెక్కి అంటుంటే ఒళ్ళు తేలికైంది.

15 మార్చి, మంగళవారం

ఆదివారం చర్చిలో పాస్టరు గారు నాలుక గురించి చెప్పారు. నేను బేక్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

బేక్ క్రేను నడిపేవాడు. కొరియా మనిషే గానీ వాడినీ మా మేస్త్రీ చో బాన్జాంగ్ మమ్మల్ని తిట్టినట్టే తిట్టేవాడు. మధ్యాహ్నం క్రేను నీడలో కూర్చున్నప్పుడు వాడు తన తిట్లు నాకు నేర్పాడు, నేను మనవి వాడికి నేర్పాను. "దొంగనాకొడకా" వాడికి తెగ నచ్చింది. రోజూ పొద్దున క్రేను ఎక్కి, పైనుంచి అందరికీ నమస్కారం పెట్టినట్టు ఆ మాట అరిచేవాడు. కింద మనవాళ్ళు పొట్ట పట్టుకొని నవ్వేవాళ్ళు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరకుండవని మా అవ్వ అనేది. బేక్‌ది మంచి నోరు.

కెసెక్కి అంటే ఏమిటని అడిగితే మాటల్లో చెప్పలేక సిమెంటు సంచి కాగితం మీద కుక్క బొమ్మ గీశాడు. దాని కింద పిల్ల బొమ్మ గీశాడు. పిల్ల మీద వేలు పెట్టి, తరువాత నన్ను చూపించాడు, తరువాత తనను తాను చూపించుకున్నాడు. ఇద్దరం నవ్వాం.

నాకు అప్పుడు కోపం రాలేదు. చో బాన్జాంగ్ కులం అడిగి తిట్టడు. కాపునూ మాలనూ సాయిబునూ ఒకే మాట అంటాడు. ఊళ్ళో నన్ను తిట్టని మనుషులను కూడా అక్కడ నాతో కలిపి తిట్టేవాడు. తిట్టుకు అందరమూ సమానం. ఆ సమానం నాకు ముప్పై ఐదేళ్ళు బతికాక దొరికింది. సిగ్గుచేటే, రాసుకుంటున్నాను.

18 మార్చి, శుక్రవారం

క్లాసు అయ్యాక రాముడు బస్టాండు దాకా నా వెంట వచ్చాడు. జేబులోంచి ఉత్తరం తీశాడు. మడతలు చిరిగిపోయి ఉన్నాయి. పోయినేడు సంక్రాంతి తర్వాత బాలయ్య రాసింది.

"అన్న ఏం రాసినాడో చూడు. ఈడ నన్ను కెసెక్కి అని పిలుస్తారు, అది ముద్దుపేరు అని రాసినాడు. నువ్వు మాకు చెప్పేదీ అదే మాట గదా. నిజంగా ఏందది?"

"చెప్తిని గదా. అబ్బాయ్ అన్నట్టు."

"మరి ముద్దుపేరుకు మేస్త్రీని ఎందుకు కొట్టినాడు?"

ఆళ్లగడ్డ బస్టాండులో అంత గోలలో వాడి మాట నాకు ఒక్కటే వినపడింది.

"ఎండ," అన్నాను. "ఆడ ఎండకు మతి తప్పుతాదప్పా."

వాడు ఉత్తరం మడత పెట్టుకున్నాడు. "మా యమ్మ దినమూ అడుగుతాంది. ఏమన్నారని కొట్టినాడు, ఏమన్నారని కొట్టినాడు అని. నేను ఆడికి పోయేది పని కోసం కాదు. జైలుకు పోయి అన్నను చూసి, ఆ ఒక్క మాట అడిగి మా యమ్మకు రాయల్ల."

దమ్మామ్ జైలు. మూడేళ్ళ శిక్ష. ఇంకా రెండేళ్ళు పైనే ఉంది.

బస్సు వచ్చింది. ఎక్కాను.

19 మార్చి

ఎండే. మే నెలలో కొట్టాడు. ఎండ కూడా ఉంది.

23 మార్చి, బుధవారం

ఒళ్ళు బాగాలేదని క్లాసుకు వెళ్ళలేదు. ఒళ్ళు బాగానే ఉంది.

బాలయ్య సంగతి రాస్తాను. రాసి చూసుకుంటే ఇంతేనా అనిపిస్తుందేమో.

వాడు నాకంటే ఏడాదిన్నర తర్వాత వచ్చాడు. జుబేల్ క్యాంపులో బస్సు దిగి, కొత్త మొహాల మధ్య నన్ను చూసి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. ఊళ్ళో అయితే మా నీడ తొక్కని ఇల్లు. అక్కడ ఒకే గదిలో పక్క పక్క మంచాలు. నేను వండితే వాడు తిన్నాడు. ఒకే కంచంలో తిన్నాం. శుక్రవారం సెలవు, ఆ రోజు వాడు టీ పెట్టేవాడు, ఒకే గ్లాసులో సగం వాడు, సగం నేను. ఏడాది పైన అట్లా గడిచింది. నాకు తమ్ముడు లేడు. ఉన్నాడనుకున్నాను.

మే నెలలో మా ఊరి పక్క నుంచి నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు. బాలయ్య తల్లి గోవిందమ్మ వాళ్ళ చేత కొడుక్కు నిమ్మకాయ ఊరగాయ పంపింది. శుక్రవారం మధ్యాహ్నం మా గదిలో కూర్చున్నారు. బాలయ్య టీ పెట్టాడు. వాళ్ళకు స్టీలు గ్లాసుల్లో పోశాడు. తనకు గ్లాసులో పోసుకున్నాడు. నాకు ఖాళీ పాలడబ్బాలో పోసి, నా చేతికి ఇవ్వకుండా నా ముందు నేల మీద పెట్టాడు.

గ్లాసులు తక్కువై ఉండవచ్చు. ఐదే ఉన్నాయి, మేము ఆరుగురం.

ఆరో గ్లాసు మంచం కింద ఉంది. నాకు తెలుసు, వాడికీ తెలుసు. మేమిద్దరం తాగే గ్లాసు అదే.

నేను డబ్బా ముట్టుకోలేదు. మాటల మధ్యలో కొత్తవాళ్ళు, అక్కడ నిన్ను ఏమని పిలుస్తారు బాలన్నా అని అడిగారు. వాడు నవ్వుతూ కెసెక్కి అంటారు, ముద్దుగా అన్నాడు. అప్పుడు నేను చెప్పాను.

వాడు అడిగాడు కాబట్టి చెప్పాను.

కాదు. వాడు అడగలేదు. ఎవరూ అడగలేదు. "కుక్కకు పుట్టినోడా అని దానర్థం బాలయ్యా. ఏడాది నుంచి నిన్ను కుక్కకు పుట్టినోడా అంటే నువ్వు నే, నే అని తలూపుతాండావు," అన్నాను. మెల్లగా, నవ్వుతూ, నలుగురూ వినేటట్టు అన్నాను.

వాడు టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు చాలా బాగా అనిపించింది. చాలా బాగా.

మర్నాడు పొద్దున ఏడింటికి చో బాన్జాంగ్ ఎప్పటిలాగే ఆ మాట అన్నాడు. కొత్తవాళ్ళు పక్కనే ఉన్నారు. బాలయ్య కడ్డీలు వంచే ఇనుప రాడ్డుతో అతని భుజం విరగ్గొట్టాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయేటప్పుడు నా వైపు చూడలేదు.

నాకు ఇంకో ఏడాది పని ఉండింది. నేనే పంపించెయ్యమని అడిగి వచ్చేశాను. కాంట్రాక్టు అయిపోలేదు.

రాసినాక కూడా ఇంతే అనిపించలేదు.

26 మార్చి, శనివారం

ఇవాళ షెడ్డులో రగడ. ఇటుకలు మోస్తూ సైదులు సరదాకు రాముడిని "బేగా నడువు రా ఎర్రినాకొడకా" అన్నాడు. తెలుగులోనే. రాముడు ఇటుక పడేసి వాడి గొంతు పట్టుకున్నాడు. విడదీయడానికి నలుగురం కావలసి వచ్చింది. సైదులు మెడ మీద ఐదు వేళ్ళూ కనిపిస్తున్నాయి.

గఫార్ నన్ను బయటికి పిలిచాడు. "ఆ బాలయ్య రక్తమే ఇదీ. ఈన్ని పంపిస్తే నేను మునుగుతా, ఈ పదముగ్గురూ మునుగుతారు. పేరు కొట్టేస్తాండా. నువ్వేమంటావు? నువ్వు సరేనంటేనే పంపిస్తా."

రాముడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. మొదటిసారి నన్ను సార్ అన్నాడు.

"సార్, నేను పోవల్ల సార్. మా యన్నను చూడల్ల."

సోమవారం చెప్తానన్నాను.

27 మార్చి

పేరు కొట్టేస్తే వాడికే మంచిది. జైలు తప్పుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకులా.

వాడు అక్కడికి వెళ్ళకపోతే ఆ మాట అడగడు. అది కూడా ఉంది.

28 మార్చి, సోమవారం

పనికిరాడని చెప్పాను.

30 మార్చి, బుధవారం

ఇవాళే రాయాలి.

క్లాసు లేదు. పదకొండు గంటలకు గోవిందమ్మ మా ఇంటికి వచ్చింది. అరవై ఐదేళ్ళు ఉంటాయి. రెండు బస్సులు మారి, నంద్యాల ఎండలో ఇల్లు అడుగుతూ అడుగుతూ వచ్చింది. ఈమె మా ఇంటి గడప దగ్గర నిలబడుతుందని మా నాయన కలలో కూడా అనుకొని ఉండడు. రూతు కుర్చీ వేసి నీళ్ళు తెచ్చింది.

"దప్పిక లేదు తల్లీ," అంది ముసలామె. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు కిటికీలో పెట్టేసింది రూతు.

"కృపావరం, నా చిన్న కొడుకు పేరు కొట్టేయించినావంట."

"వానికి కోపం ఎక్కువమ్మా. ఆడికి పోతే..."

"నేను దానికి రాలేదు. పేరు సంగతి నీ ఇష్టం. నా పెద్ద కొడుకును ఆడ ఏమన్నారు? నువ్వు పక్కన ఉండావు. నీకు తెలుసు. ఏడాదిగా అడుగుతాండా, ఒక్కరూ చెప్పరు. నేను సచ్చేలోపల చెప్తావా, చెప్పవా?"

రూతు వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను చెప్పాను. మాట చెప్పి, అర్థం చెప్పాను. కుక్కకు పుట్టినోడా అని, అమ్మా.

"ఆ మాటకా?" అంది.

"అవునమ్మా."

"మీ నాయనను మా ఆయన ఆ మాటే అంటాండె గదప్పా. పొద్దున లేసినకాడ్నుంచి అదే పిలుపు. మీ నాయన ఎప్పుడన్నా చెయ్యెత్తినాడా?"

"లేదమ్మా."

"ఎత్తలే," అంది. తనలో తనే అనుకున్నట్టు అంది. "ఎట్ల పడినాడో ఏమో."

అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆమె లేవడానికి కుర్చీ చేతులు పట్టుకుంది కూడా. ఆపలేకపోయాను.

"వానికి ఆ అర్థం తెలీదమ్మా. చెప్పింది నేనే. చెప్పిన మర్నాడే కొట్టినాడు."

మళ్ళీ కూర్చుంది. "ఎందుకు చెప్పినావు?"

"నాకు టీ డబ్బాలో పోసినాడు."

ఆమెకు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు, ఆ మొహంలో దాపరికం లేదు. "డబ్బాలో పోస్తే ఏమప్పా? టీ టీనే గదా."

"మీకు అంతేనమ్మా," అన్నాను. నా గొంతు పెద్దదైంది. "కెసెక్కి అన్నా నాకు అంతే. మాట మాటే. మూడేండ్లు పడినా. డబ్బా మాత్రం పడలేకపోయినా. ఏడాది ఒక్క గ్లాసులో తాగినాం మేము, మీ కొడుకూ నేనూ. ఊరోళ్లు నలుగురు వచ్చేసరికి నేను డబ్బా అయిపోయినా."

ఇంత మాట ఆ ఇంటి మనిషితో నా జన్మలో అనలేదు. రూతు "మెల్లగా" అంది. ముసలామె తల వంచుకొని ఒళ్ళో చేతులు చూసుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా మీద శాపనార్థాలు పెడుతుందని చూశాను. పెడితే బాగుండేది.

"డబ్బాకు నా కొడుకు జైల్లో ఉండాడు," అంది చివరికి. "నేనే నేర్పిస్తి వానికి, మాలోళ్లకు వేరే పొయ్యమని. చిన్నప్పుడు వాడు మీ నాయనకు మా సెంబుతో నీళ్లిస్తే సెంబు బయట పారేసి వాన్ని కొడితిని."

తర్వాత, "ఆ నీళ్లు ఇట్లియ్యి తల్లీ," అంది రూతుతో.

గ్లాసు పైకెత్తుకొని, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుంది. సగం చీర మీద పడ్డాయి. అయినా తాగింది.

బస్టాండుకు నేను తోడు వెళ్ళాను. బస్సెక్కేటప్పుడు "రామునికి నేనే చెప్తా," అంది.

1 ఏప్రిల్, మంచి శుక్రవారం

చర్చిలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలూ విన్నాను. ఇంటికొచ్చి పడుకున్నాను.

4 ఏప్రిల్, సోమవారం

షెడ్డుకు వెళ్ళేసరికి రాముడు వచ్చి ఉన్నాడు. పేరు లేకపోయినా వచ్చాడు. అందరికంటే ముందు వచ్చి నూనె డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. వాడి చేతిలో ఏముందా అని ముందు చూశాను. ఏమీ లేదు.

"ఇయ్యాల నేను ఎక్కుతా," అన్నాడు. "నువ్వు మొయ్యి."

సైదులు నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు, ఇది కొత్త ఆట అనుకున్నారు. నేను కండువా నడుముకు కట్టుకొని ఆరు ఇటుకలు ఎత్తుకున్నాను. రాముడు డ్రమ్ము ఎక్కాడు.

"కెసెక్కి," అన్నాడు.

"నే, బాన్జాంగ్."

మళ్ళీ అన్నాడు. మళ్ళీ నే అన్నాను. షెడ్డు ఆ కొనకూ ఈ కొనకూ ఎన్నిసార్లు తిరిగానో. ముందు నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే నవ్వు మానేశారు. వాడి గొంతు వాళ్ళ నాయన గొంతే. నేను మా నాయన నడిచినట్టే నడుస్తున్నానని తెలుస్తూనే ఉంది, మోకాళ్ళు కొంచెం వంగి, మెడ ముందుకు. చివరికి వాడు కొరియా మాట వదిలేసి తెలుగులో అన్నాడు.

"కుక్కకు పుట్టినోడా."

"నే, బాన్జాంగ్," అన్నాను.

వాడు డ్రమ్ము దిగాడు. నా నెత్తి మీద ఇటుకలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. మొహమంతా తడిగా ఉంది.

"ఇప్పుడు నన్ను అను," అన్నాడు. "అర్థంతో అను."

నేను డ్రమ్ము ఎక్కలేదు. ఎదురుగా నిలబడి అన్నాను. వాడి అమ్మ నా ఇంట్లో నీళ్ళు తాగి వెళ్ళాక ఆ మాట అనడం కష్టమైంది, అయినా అన్నాను. వాడి చేతుల వైపే చూశాను. వేళ్ళు ముడుచుకోబోయి, విచ్చుకున్నాయి.

"నే," అన్నాడు.

ఆ తర్వాత పద్నాలుగు మందినీ కూర్చోబెట్టి ప్రతి మాటకూ అర్థం చెప్పాను. ఒక్కటీ దాచలేదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. సైదులు అంతా విని, "ఇంతేనా సార్. ఇవన్నీ మా నాయన నన్ను అన్నవే," అన్నాడు.

గఫార్‌కు రాముడు పనికొస్తాడని చెప్పాను.

11 ఏప్రిల్

పద్నాలుగు మందీ బొంబాయికి వెళ్ళారు. స్టేషనుకు వెళ్ళాను. రాముడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నన్ను ఏమని పిలవాలో వాడికి ఇంకా తేలలేదు.

2 జూన్

బైపాసు దగ్గర కల్యాణ మండపం పని, కడ్డీలు కట్టడానికి పిలిచారు. వెళ్తున్నాను.

19 జూన్

ఉత్తరం లేదు.

3 జులై

ఉత్తరం లేదు. చెయ్యెత్తాడేమో. రూతు, రాకపోతే మంచే జరిగిందనుకో అంటుంది. ఎవరికి మంచి.

12 ఆగస్టు, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. ఇక్కడ అతికిస్తున్నాను, పోగొట్టుకోకుండా.

"కృపావరమన్నకు రాముడు వ్రాయునది. నేను క్షేమం. దినమూ వంద సార్లు నే అంటాండా. చెయ్యి ఎత్తలేదు. పోయిన శుక్రవారం దమ్మామ్ పోయి అన్నను చూసినా. చిక్కినాడు, తల నెరిసింది. నువ్వు మా యమ్మకు చెప్పిందంతా చెప్పినా. అన్న నవ్వినాడు. కెసెక్కి అంటే ఏందో వచ్చిన నెలకే తెలుసంట. క్రేను మీద ఉండే బేక్ అనే ఆయన కాగితం మీద కుక్కను గీసి చూపించినాడంట. తెలిసినా పట్టించుకోలేదంట. ముద్దుపేరని ఇంటికి రాసింది మా యమ్మ బాధ పడకూడదని అంట. ఆ నలుగురి ముందర నువ్వు అనేసరికి, మళ్ళ తెల్లారి ఆ నలుగురి ముందరే మేస్త్రీ అనేసరికి, ఊరికి పోయి చెప్తారని తల తిరిగిందంట. డబ్బాలో పోసింది కూడా ఆ నలుగురు ఊరికి పోయి చెప్తారనే అంట. కృపావరం కోపం పోయిందా, అడిగి రాయి అన్నాడు. జవాబు రాస్తే వచ్చే నెల చూపిస్తా."

రూతుకు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. "అత్త కొట్టినందుకు కాదంట, తోడికోడలు నవ్వినందుకంట," అంది. చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ముందే తెలుసు వాడికి. ఏడాది నుంచీ తెలిసీ నే అన్నాడు. నేనేదో వాడికి చెప్పానని ఇన్ని నెలలు గోడలకు చెప్పుకున్నాను. నేను చెప్పింది వాడికి కాదు, ఆ నలుగురికి.

13 ఆగస్టు, శనివారం

జవాబు రాశాను. మూడు కాగితాలు చించి, నాలుగోది పోస్టులో వేశాను. ఏం రాశానో మరిచిపోకుండా ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

బాలయ్యా, తప్పు నాది. కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. శిక్ష అయిపోయినాక ఊరికి పోయే ముందు నంద్యాలలో దిగు. మా ఇల్లు మీ యమ్మకు తెలుసు. వచ్చి మా ఇంట్లో నీళ్ళు తాగు. గ్లాసు పైకెత్తుకొని కాదు.